పాకం తప్పు కాదు

నేను ఈ పని మానేసి ఏడాది దాటింది. కుడి భుజం పైకి లేవడం లేదు. డాక్టరు "ఏం పని చేసేవారమ్మా" అని అడిగితే "వెంట్రుకలు పీకేదాన్ని" అన్నాను. ఆయన నవ్వాడు. నాకైతే నవ్వు రాలేదు. నరసరావుపేటలో ముప్పై ఏళ్లకు పైగా ఆడవాళ్ల చేతులు, కాళ్లు, చంకలు, పై పెదవులు శుభ్రం చేశాను. ఐబ్రోలు, ఫేషియళ్లు, పెళ్లికూతుళ్ల మేకప్పులు కూడా చేశాననుకోండి. వాటి గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది. ఫోను తెరిస్తే చాలు, వీడియోలే వీడియోలు. ఈ పీకుడు గురించి మాత్రం ఎవరూ నోరు విప్పి సరిగ్గా చెప్పరు.

కోర్సు చేసి కొత్తగా పార్లర్లు పెడుతున్న ఆడపిల్లలు నా దగ్గరికొచ్చి అడిగేది ఒకటే. "విజయాంటీ, వాక్సింగ్ మంచిదా, షుగరింగ్ మంచిదా?" ఒక్క మాటలో చెప్పమంటారు. ఒక్క మాటలో తేలేదైతే నేనీ కాగితాలు ఖరాబు చేయను. ఈ రెండింటికీ తేడా నేను సరిగ్గా తెలుసుకునేలోపు ఒక మనిషి ఊరొదిలి పోవాల్సి వచ్చింది. ఆమె పేరు ఖైరున్నిసా. ఆ సంగతి చెప్పడానికే కూర్చున్నాను. ముందు పని గురించి కొంచెం చెబుతాను. పని తెలియకపోతే నేను చేసిన తప్పు మీకు అర్థం కాదు.

వాక్స్ నేర్పిన మేడం

గుంటూరులో ఒక మేడం దగ్గర రెండేళ్లు నేర్చుకున్నాను. ఆవిడ నోరు మంచిది కాదు, చెయ్యి మంచిది. మొదటి రోజే వాక్స్ డబ్బా వేడిచేసి నా ముందు పెట్టి, "ముందు నీ మణికట్టు మీద పెట్టుకో. నీ ఒంటి మీద పెట్టుకోకుండా ఎవరి ఒంటి మీదా పెట్టమాక" అంది. పెట్టుకున్నాను, కాలింది. "కాలిందా? గుర్తుంటదిలే" అని తన పని తను చూసుకుంది.

వాక్స్ పని ఇదీ. వేడి చేసిన మైనం లాంటి పదార్థాన్ని పుల్లతో తీసి, వెంట్రుక ఎటు మొలిచిందో అటువైపు పల్చగా రాయాలి. దాని మీద గుడ్డ పట్టీ అద్ది, ఎదురు దిక్కుకు ఒక్క ఊపున లాగాలి. జాలిపడి మధ్యలో ఆగితే అవతలి మనిషికి రెట్టింపు బాధ. "జాలి తర్వాత పడు, ముందు లాగు" అనేది మేడం. ఆ ఒక్క మాట నన్ను ముప్పై ఏళ్లు పోషించింది.

ఆవిడ నేర్పని చెడ్డ పనులు కూడా నేను చేశాను, దాచను. పాత జీన్సు ప్యాంట్లు కత్తిరించి పట్టీలు చేసి, ఉతికి మళ్లీ మళ్లీ వాడాను. ఒకరి చంకకు రాసిన పుల్లనే మళ్లీ డబ్బాలో ముంచాను. అప్పట్లో అందరం అంతే చేసేవాళ్లం. అందరూ చేశారు కాబట్టి అది తప్పు కాకుండా పోదు. మీరు చేయకండి. ఒక మనిషికి వాడిన పుల్ల చెత్తబుట్టలోకే పోవాలి.

వాక్స్‌తో ఉన్న పెద్ద చిక్కు, అది వెంట్రుకను ఎంత గట్టిగా పట్టుకుంటుందో చర్మాన్ని కూడా అంత గట్టిగా పట్టుకుంటుంది. పల్చటి చర్మం వాళ్లకు పైపొర లేచొస్తుంది. గురజాల దగ్గర ఒక ఊరి మాజీ సర్పంచి గారమ్మాయి మానస ఇంటర్ చదివేటప్పుడు కాలేజీ ఫంక్షనుకని నా దగ్గర చేయించుకుంది. ముంజేతి మీద అర్ధ రూపాయంత చర్మం లేచింది. వారం రోజులు పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని తిరిగింది పాపం. అయినా నన్నొక్క మాట అనలేదు. ఆ పిల్ల మళ్లీ వస్తుంది ఈ కథలో.

ఖైరున్ పాకం

ఖైరున్నిసా మా ఊరి ఆవిడే. భర్త లారీ మెకానిక్. కువైట్‌లో ఒక ఇంట్లో పదకొండేళ్లు పనిచేసి వచ్చింది. వెళ్లేటప్పుడు కూతురు షబానాకు మూడేళ్లు, తిరిగొచ్చేటప్పటికి పద్నాలుగు. నా దగ్గర పనికి చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం అన్నం తింటూ చెప్పింది. "వచ్చిన మొదటి వారం నా కూతురు నన్ను ఆంటీ అని పిలిచిందక్కా. పొరపాటున వచ్చింది. నేను విననట్టు ఊరుకున్నా. ఇంక చచ్చినా పోను." ఆ మాట చెప్పి పెరుగన్నం కలుపుకుంది. ఇక్కడే ఒక పని దొరికి, ఆ పిల్ల పక్కన ఉండగలగడం, ఆమెకు కావలసింది అంతే.

తను ఉన్న ఇంట్లోని ఆడవాళ్లకు పాకంతో వెంట్రుకలు తీసేదట. ఆ దేశాల్లో అమ్మమ్మల కాలం నుంచి ఉన్న పద్ధతి. ఇక్కడ దాన్నే షుగరింగ్ అని కొత్తగా పేరు పెట్టి అమ్ముతున్నారు. నేను నమ్మలేదు. "పంచదారతో పీకుతావా? చీమలు పడతాయే" అని ఎగతాళి చేశాను. "నీ చెయ్యి ఇటియ్యక్కా" అంది.

పంచదార, నిమ్మరసం, కాసిని నీళ్లు. పొయ్యి మీద పెట్టి కదపకుండా మరిగించింది. తేనె రంగు తిరిగాక, మనం అరిసెల పాకం చూసినట్టే పళ్లెంలో నీళ్లు పోసి ఒక చుక్క వేసి చూసింది. ఉండకట్టాలి, కానీ గట్టిపడిపోకూడదు. గోరువెచ్చగా అయ్యాక ఒక ముద్ద చేతిలోకి తీసుకుని, పీచుమిఠాయిలా తెల్లబడేదాకా లాగి, మడిచి, మళ్లీ లాగింది. పుల్ల లేదు, పట్టీ లేదు. వట్టి చేత్తోనే నా ముంజేతి మీద వెంట్రుకలకు ఎదురుగా పూసి, అవి మొలిచిన వైపుకే చిటుక్కున లాగేసింది. వాక్స్‌కు సరిగ్గా తలకిందులు.

నొప్పి ఉండదని చెప్పేవాళ్లు అబద్ధాలకోర్లు. ఉంటుంది. అయితే చర్మం లేవలేదు. కాలడమన్న భయం లేదు. పక్కకు అంటినదాన్ని నీళ్లతో కడిగితే పోయింది. వాక్స్ అయితే నూనె పెట్టి గంటసేపు రుద్దాలి. ఒక ముద్ద ఒక మనిషికే, తర్వాత పారేయడమే. నాకు తెగ నచ్చింది.

ఇబ్బందులూ ఉన్నాయి. ఆలస్యం. వాక్స్‌తో నలుగురికి చేసే టైములో దీనితో ఇద్దరికి చేయగలం. చెయ్యి తిరగడానికి నెలలు పడుతుంది. పైగా మన పల్నాడు ఎండలు. రెంటచింతల వైపు నుంచి వచ్చిన వాళ్లకు చేస్తుంటే పాకం చేతిలోనే కారిపోయేది. ఎండాకాలం పాకాన్ని ఇంకొంచెం ముదరనివ్వాలి, చర్మానికి ముందు పౌడరు అద్దాలి. జనవరిలో ఆ పాకమే రాయిలా ఉంటుంది కాబట్టి లేతగా దించాలి. ఏ పుస్తకంలోనూ ఇది లేదు. ఖైరున్ వేళ్లకు తెలుసు. ఏడాది తిరిగేసరికి మాచర్ల నుంచి కూడా "ఆ కువైట్ ఆవిడ ఉందా?" అని ఫోను చేసి మరీ వచ్చేవాళ్లు. నా భుజం అప్పటికే మొరాయిస్తోంది. ఇంకో రెండేళ్లకు షాపు ఆమెకే అప్పగించాలని మనసులో అనుకున్నాను. ఆమెతో కూడా అన్నాను.

మార్చిలో ఒక పొద్దున

మార్చి అంటే మా ఇళ్లల్లో ఏడాదికి సరిపడా కారం పట్టించే రోజులు. ఆ పొద్దున మా వీధి ఆడవాళ్లం నలుగురం మా వరండాలో కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీశాం. తెల్లారగట్ల మొదలుపెట్టి ఎనిమిదిన్నర దాకా తీశాం. చేతులు మండాయి. అది మాకు మండటం కింద లెక్క కాదు. సబ్బుతో రెండుసార్లు కడుక్కుని షాపుకి వెళ్లాను.

మానస వచ్చింది. మర్నాడు పెళ్లికూతుర్ని చేస్తారు, ఆ పై రోజు పెళ్లి. వాక్స్ దానికి పడదని నేనే షుగరింగ్‌కి రమ్మన్నాను. వెంట వాళ్ల పిన్ని నాగమణి. మనిషి మంచిదే కానీ ఆమె మాట ఊరంతా వినపడుతుంది. ఖైరున్ కుడిచెయ్యి మొదలుపెట్టింది. పావుగంట గడిచేసరికి పిన్నికి కాలు నిలవలేదు.

"ఇంత నిదానమైతే ఎట్టా? ఇద్దరూ చెరో చెయ్యి పట్టుకోండి. మళ్లీ గురజాల పోవాల, ఇంట్లో చుట్టాలున్నారు."

నేను ఎడంచెయ్యి తీసుకున్నాను. అదే గిన్నెలోంచి ముద్ద తీసి, చేత్తో బాగా సాగదీసి, పూసి లాగాను. మోచెయ్యి నుంచి మణికట్టు దాకా వచ్చేసరికి మానస, "ఆంటీ, మండుతోంది" అంది.

"కాస్త మండుద్దిలేమ్మా, ఓర్చుకో" అన్నాను.

రెండు నిమిషాల్లో ఆ పిల్ల కళ్ల వెంట నీళ్లు ధారగా కారాయి. ఎడంచెయ్యి ఎర్రగా కందిపోయింది. కుడిచెయ్యి మామూలుగానే ఉంది. ఏమైందో నాకు తోచలేదు. కంగారులో చెమట తుడుచుకుంటే నా కన్ను భగ్గున మండింది. అప్పుడు తెలిసింది. సబ్బుతో పోని కారం నా వేళ్లకు అంటుకుని ఉంది. అప్పుడే వెంట్రుకలు లాగిన చర్మానికి, గోరువెచ్చని పాకంతో సహా, ఆ కారాన్ని బాగా పిసికి మరీ పట్టించాను. వాక్స్ అయితే మధ్యలో పుల్ల ఉండేది. ఇక్కడ నా చెయ్యే పనిముట్టు.

నా నోటి మాట

నాగమణి లేచి నిలబడింది. "ఏం కలిపావే ఆ పాకంలో?" అని ఖైరున్‌ని అడిగింది.

"పంచదార, నిమ్మకాయ, నీళ్లు. ఇంకేం లేదమ్మా" అంది ఖైరున్, నా వంక చూస్తూ.

షాపులో ఇంకో ముగ్గురు కూర్చుని ఉన్నారు. బోర్డు మీద నా పేరుంది. ముందు పెళ్లిళ్ల సీజనుంది. నేను అన్నాను, "పాకం ముదిరినట్టుందిలే పిన్నిగారూ."

అంతే. చిన్న మాట. గట్టిగా కూడా అనలేదు.

ఖైరున్ చేతిలోని ముద్ద పడేసి లేచింది. లోపలికి వెళ్లి కొబ్బరినూనె తెచ్చి, దూదితో మానస చెయ్యంతా తుడిచింది. సబ్బుతో కడిగి, తన టిఫిన్ బాక్సులోని పెరుగు రాసింది. పాకం తేడాకు నూనె ఎందుకు? నీళ్లు చాలు. నూనె, పెరుగు కారం మంటకు పెట్టే మందు. ఆమెకు తెలిసిపోయిందని నాకు తెలిసింది. మేమిద్దరం ఒకరినొకరం చూసుకోకుండా ఆ పిల్ల చేతికి విసనకర్రతో విసురుతూ కూర్చున్నాం.

పోతూ పోతూ నాగమణి, "కువైట్‌లో నేర్చుకున్నయ్యి మా పిల్లల మీద చెయ్యమాక" అంది ఖైరున్‌తో. నా వైపు తిరిగి, "నువ్వైనా చూసుకోబళ్లా విజయక్కా" అంది. నేను తలూపాను. ఆ తలూపడం తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

ఎడంచేతికి నలుగు పెట్టలేదు

మంట సాయంత్రానికి తగ్గిందని మానస ఫోను చేసింది. ఎరుపు మాత్రం ఉందట. మర్నాడు పెళ్లికూతుర్ని చేసేటప్పుడు ఆ చేతికి నలుగు పెట్టొద్దని నేనే చెప్పాను. ఈ మాట మీరు కూడా గుర్తుపెట్టుకోండి. వాక్స్ కానీ, పాకం కానీ, చేశాక రెండు రోజులు సున్నిపిండి, పసుపు తగలకూడదు. పెళ్లిళ్లకు అంతకు ముందే చేయించుకోమని ముందుగానే చెప్పాలి. నేను చెప్పకపోవడం రెండో తప్పు.

మన నలుగు సంగతి మీకు తెలిసిందే. ఊళ్లో ప్రతి ముత్తయిదువా వచ్చి తలా కాస్త రాస్తుంది. వచ్చిన ప్రతి మనిషీ "ఎడంచేతికి పెట్టొద్దంటారేంది?" అని అడిగింది. నాగమణి ప్రతి మనిషికీ చెప్పింది. "పేటలో విజయక్క షాపులో ఒక కువైట్ ఆవిడ ఉంది, పిల్ల చెయ్యి కాల్చింది." పత్రికలో వేయించినా అన్ని ఇళ్లకూ చేరేది కాదు.

ఆ వారం ఫోన్లు వచ్చాయి. "ఆంటీ, నాకు వాక్సే చెయ్యండి. ఆవిడ వద్దు." ఖైరున్ నాలుగు రోజులు వచ్చి, గిన్నె కడిగి, పాకం కాచి, ఎవరూ కూర్చోకపోతే పారబోసి వెళ్లింది. ఐదో రోజు రాలేదు.

నేను రోజూ ఏదో ఒకటి చెప్పుకున్నాను. పెళ్లింట గొడవెందుకు, పెళ్లి కానీ. చుట్టాలు వెళ్లనీ. జనం వాళ్లే మర్చిపోతారు. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్న కబుర్లు. అసలు సంగతి భయం. ముప్పై ఏళ్లకు వచ్చిన పేరు మిరపకాయలతో పోతుందని భయం.

పెళ్లయిన తొమ్మిదో రోజు ఖైరున్ ఇంటికి వెళ్లాను. గడపలోనే చెప్పేశాను. "ఆ రోజు కారం నా చేతిది. నీ తప్పు లేదు. నన్ను క్షమించు."

ఆమె నన్ను లోపల కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. "నాకు చెప్పి ఏం లాభమక్కా? నాకా రోజే తెలుసు. ఎవరి ముందు అన్నావో వాళ్ల ముందు చెప్పు. నేను మళ్లీ ఏ మొహం పెట్టుకుని వాళ్ల చేతులు పట్టుకోవాల?"

"చెబుతాను" అన్నాను.

"తొందరగా చెప్పు. కువైట్ ఏజెంటు రెండుసార్లు వచ్చిపోయాడు. మా ఆయనకు షెడ్డులో పని సరిగ్గా లేదు. ఎన్నాళ్లని కూర్చుంటా?"

ఆ మాట విని కూడా నేను మర్నాడే గురజాల బస్సెక్కలేదు. పదహారు రోజుల పండగకు మానస పుట్టింటికి వస్తుంది, ఊరి ఆడవాళ్లందరూ ఉంటారు, అక్కడ ఒక్కసారే చెబితే సరిపోతుంది అనుకున్నాను. ఆలోచన బాగానే ఉంది కదా. తప్పు ఒప్పుకోవడాన్ని వాయిదా వేసేటప్పుడు ఆలోచనలు ఎప్పుడూ బాగానే ఉంటాయి.

పండగ రోజు వెళ్లాను. మానసకు నల్లపూసలు గుచ్చుతున్నారు. చుట్టూ పాతికమంది ఆడవాళ్లు. నిలబడి చెప్పాను. "ఆ రోజు పాకం తప్పు లేదు. నేను పొద్దున్నే మిరపకాయలు తీసి, ఆ చేతులతో చేశాను. తెలిసి కూడా ఖైరున్ మీదకు నెట్టాను."

నాగమణి చేతిలో దారం పక్కన పెట్టింది. "ఆ రోజే అనుంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని గదా విజయక్కా. ఆ మనిషిని నేను ఊరంతా తిట్టా. ఇప్పుడు నేనెన్ని ఇళ్లు తిరగాల?"

తిట్టిందే కానీ, అప్పటికప్పుడు ఫోను తీసి నలుగురికి చేసింది. మానస, "మా చెల్లి పెళ్లికి ఆవిడే రావాల ఆంటీ, నేనన్నానని చెప్పండి" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా ఖైరున్ ఇంటికి వెళ్లి, జరిగినదంతా ఒక్క ఊపున చెప్పాను.

ఆమె అంతా విన్నది. "చానా మంచిపని చేశావక్కా" అంది. తర్వాత, "సంతకం పెట్టేశాను. టికెట్టు కూడా వచ్చింది. రెండేళ్లు" అంది. ఆ గొంతులో కోపం లేదు. షబానా గుమ్మం దగ్గర నిలబడి వింటోంది.

మీరడిగినదానికి

వాక్సా, షుగరింగా అని కదా అడిగారు. మొద్దు వెంట్రుకలకు, తొందరలో ఉన్నవాళ్లకు వాక్స్. పల్చటి చర్మానికి, చిన్నపిల్లలకు, కాలుతుందని భయపడేవాళ్లకు పాకం. పుండు, దద్దురు ఉన్నచోట రెండూ వద్దు. పాకం పనికి గ్లవ్స్ వేసుకోండి. గ్లవ్స్‌తో చెయ్యి తిరగదని ఎవరైనా అంటే నా పేరు చెప్పండి. మిరపకాయలు తీసిన రోజు ఆ పని ముట్టుకోకండి. నా దగ్గరున్న విద్య ఇంతే, ఇందులో సగం ఖైరున్‌ది.

ఆమె వెళ్లే రోజు బస్టాండుకు వెళ్లాను. హైదరాబాదు బస్సు. భర్త సంచులు పైకి ఎక్కిస్తున్నాడు. నేనేదో అనబోతే ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఎండలు ముదిరినయ్యక్కా. పాకం ఇంకో రెండు నిమిషాలు ఉంచి దించు" అంది. కూతుర్ని చాలాసేపు పట్టుకుని నిలబడింది. ఆ పిల్ల ఏడవలేదు. బస్సు గేటు దాటేదాకా చూసింది.

తర్వాత నా వైపు తిరిగింది. మర్యాద తెలిసిన పిల్ల, గొంతు కూడా పెంచలేదు.

"ఆంటీ, మీరు గురజాల వెళ్లి చెప్పడానికి మూడు రోజుల ముందు మా అమ్మ సంతకం పెట్టింది. ఆ మూడు రోజులూ మీరు ఏం చేస్తున్నారు?"

నేను ఆ పిల్లకు జవాబు చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను. పెళ్లిళ్ల సీజను, మీ అమ్మ వద్దు అన్నవాళ్లందరూ నా దగ్గరికే వచ్చారమ్మా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాళ్లకు వాక్స్ చేస్తున్నాను.